జ్ఞానమ్మ సగం

మా వఠారంలో టైలరు చౌరప్ప కూర్చుని అన్నం తిన్నది నేను ఎప్పుడూ చూడలేదు. వాకిట్లో నిలబడే రెండు రాగిముద్దలు మింగి, చెయ్యి సరిగా తడవకముందే పంచెకు తుడుచుకుని, మళ్ళీ మిషను ముందు కూలబడేవాడు. కొళాయి దగ్గర బిందె నిండేదాకా ఆగలేడు. ముప్పాతిక నిండితే చాలు, ఎత్తుకుని పోయేవాడు. ఎవరైనా చొక్కాకు కొలతలివ్వడానికి వస్తే, ఎలా కావాలో వాళ్ళు చెప్పడం మొదలుపెట్టేసరికే టేపు మెడలో వేసుకుని లోపలికి నడిచేవాడు. "అర్థమాయనప్పా, అర్థమాయ" అనేవాడు. సగంసార్లు అర్థమయ్యేది కాదు. మా ఆయన కాలరు లేని చొక్కా కుట్టమంటే కాలరు పెట్టి తెచ్చి ఇచ్చాడు. మా ఆయన దాన్ని వేసుకుని అద్దంలో చూసుకుని, దొరలాగే ఉన్నానని మురిసిపోయాడు కాబట్టి ఆ రోజు కొట్లాట తప్పింది.

కాటన్‌పేట పెద్ద బజారు వెనక సందులో మా వఠారం. నడుమ ఒక కొళాయి, చుట్టూ ఒకే కప్పు కింద వరసగా ఇళ్ళు. మా ఆయన మునినారాయణప్పకు బజారులో దారాలు, బొత్తాల అంగడి ఉండేది. ముత్తాతల నాడు చిక్కబళ్ళాపురం వైపు నుంచి బెంగళూరు వచ్చి చేరిన తెలుగువాళ్ళం మేము. చౌరప్ప వాళ్ళూ అటు నుంచే వచ్చారు. కాకపోతే వాళ్ళ తాతల కాలంలోనే క్రైస్తవంలో కలిశారు. మాటా మాలాంటిదే, వంటా మాలాంటిదే. చౌరప్ప భార్య జ్ఞానమ్మ తాళిబొట్టు మీద మాత్రం చిన్న సిలువ గుర్తు ఉండేది. మా రెండిళ్ళ నడుమ గోడ పైన పెంకుల దాకా పోదు. వాళ్ళు ఉప్పుచేప వేయిస్తే మాకు తెలిసేది, మేము మొగుడూ పెళ్ళాం కొట్లాడితే వాళ్ళకు తెలిసేది.

జ్ఞానమ్మ మెల్లగా నడిచే మనిషి, మెల్లగా మాట్లాడే మనిషి. ఒక కూరగాయ తరగడానికి నేను రెండు వంటలు చేసేంత సేపు తీసుకునేది. మీ ఇద్దరినీ ముడిపెట్టిన చర్చి స్వాములకు తమాషా బుద్ధి ఉండి ఉండాలి అని నేను ఆటపట్టిస్తే, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. నన్ను అక్కా అని పిలిచేది. నాకు సొంత చెల్లెళ్ళు ముగ్గురున్నారు. ఒక్కరు కూడా అంత ప్రేమగా పిలవలేదు.

రోజూ దీపాలు పెట్టే వేళ వాళ్ళింట్లో జపమాల చెప్పేవారు. పూసల దండ చేత్తో పట్టుకుని ఒక్కో పూసకూ మరియమ్మ తల్లికి ఒక జపం. ఆ జపానికి రెండు సగాలు. ఇంటి పెద్ద మొదటి సగం చెబితే తక్కినవాళ్ళు రెండో సగం అందుకోవాలి. మొదటి సగం ఆ తల్లికి వందనం. రెండో సగంలో, పాపాత్ములమైన మా కోసం ఇప్పుడూ, మా చావు వేళలోనూ దేవుణ్ణి వేడుకో తల్లీ అని అడుక్కుంటారు. పుట్టిన దగ్గర నుంచి వెంకటరమణస్వామిని తప్ప ఎరగనిదాన్ని, గోడ మీదుగా విని విని నాకు ఆ జపం నోటికి వచ్చేసింది. ఒకసారి పిండి రుబ్బుతూ నాకే తెలియకుండా అనేస్తుంటే మా అత్త నన్ను సావిత్రమ్మా అని గట్టిగా పిలిచి, నోరు కడుక్కోమంది.

చౌరప్ప ఆ జపాన్ని కూడా మిషను మీదే చెప్పేవాడు. జ్ఞానమ్మ, కూతురు ఫిలోమినా లోపల పటం ముందు మోకరించి ఉంటే, ఆయన వసారాలో పెడలు తొక్కుతూ అక్కడి నుంచే తన సగం అరిచేవాడు. దేవుడి పనీ అవుతుంది, తన పనీ ఆగదు. మిషను ఎంత వేగంగా తిరిగితే జపం అంత వేగంగా పోయేది. లోపలివాళ్ళ సగం పూర్తి కాకముందే ఆయన తర్వాతి పూసకు దూకేవాడు. ఫిలోమినా కుర్రది కాబట్టి ఎలాగో అందుకునేది. జ్ఞానమ్మ చివరి మాటలు మింగేసి వెంటపడేది.

"నా సగం నన్ను చెప్పనియ్యడక్కా" అంది నాతో ఒకసారి. "నేను చావు యాళ అనే లోపల ఈయన ఇంకో పూసకు పోయుంటాడు. దేవుడికాడ గూడా కాంట్రాక్టేనా?"

ఆ మాటకు మేమిద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

యుద్ధం వచ్చాక నిజంగానే కాంట్రాక్టు వచ్చింది. దండులో, అంటే కంటోన్మెంటులో, పటాలాలకు కాకీ బట్టలు కావాలి. కత్తిరించిన గుడ్డలు మూటలు కట్టుకుని కాంట్రాక్టరు మనిషి మునిస్వామి జట్కాలో వచ్చి చౌరప్ప వసారాలో పడేసి పోయేవాడు. అవి కుట్టి ఇచ్చేలోగా ఇంకో జట్కా. వసారా అంతా కాకీ, ఇల్లంతా కాకీ దుమ్ము. చౌరప్పకు అది పండగలా ఉండేది. ఇంతకాలం తన తొందరకు తగిన పని లేక అల్లాడినవాడికి ఇప్పుడు దొరికింది. పదిహేడేళ్ళ ఫిలోమినా అప్పటికే మిల్లులో దారం చుట్టే పనికి పోతోంది. ఆమె పొద్దున వెళ్ళి దీపాల వేళకు వచ్చేది.

ఆ రోజుల్లోనే జ్ఞానమ్మకు ఆయాసం మొదలైంది. నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకునేది. ఆసుపత్రిలో గుండె పెరిగిందన్నారు, బిందె ఎత్తొద్దన్నారు. వాళ్ళ నీళ్ళు నేనే పట్టి పెట్టేదాన్ని. చౌరప్ప మందులు తెచ్చేవాడు, తెచ్చిన మనిషి సీసా మంచం మీద పెట్టి, ఆమె మూత తీసేలోగా మిషను దగ్గర ఉండేవాడు. ప్రేమ లేక కాదు. నిలబడి చూపించడం తెలియని ప్రేమ అది. నాకు ఆయన మీద కోపం ఉన్నా ఈ మాట చెప్పకపోతే పాపం.

అక్టోబరు వాళ్ళకు జపమాల నెల. ఆ నెలంతా ఇంట్లో అందరూ కలిసి కూర్చుని శ్రద్ధగా జపమాల చెప్పుకోవడం ఆచారం. నలభై మూడులో ఆ నెల వచ్చినప్పుడు జ్ఞానమ్మ మొగుణ్ణి ఒకటే అడిగింది. ఈ నెల ఒక్కటి మిషను మూసి, నా మంచం దగ్గర కూర్చుని చెప్పు అని. గోడకు ఇవతల నేను విన్నాను. చౌరప్ప సరే అన్నాడు. ఈ మూట అయిపోనీ అన్నాడు. ఆ మూట అయ్యేలోగా మునిస్వామి ఇంకో మూట తెచ్చాడు. మళ్ళీ అదే మాట. జ్ఞానమ్మ రెండోసారి అడగలేదు. ఆమె తీరే అంత, ఒకసారి అడిగి ఎదురుచూసేది.

నెలాఖరులో ఒక సాయంత్రం. నేను రేషను బియ్యం కోసం వరసలో నిలబడి, కాళ్ళు పీకుతుంటే సంచీతో తిరిగి వస్తున్నాను. వఠారం గేటు దగ్గర ఫిలోమినా ఎదురైంది. రోజూ ఆమె మిల్లు నుంచి వచ్చే వేళే అది. కొళాయి దగ్గర ఆడవాళ్ళందరూ బిందెలతో ఉన్నారు. చౌరప్ప వసారాలో మిషను తొక్కుతూ జపం చెబుతున్నాడు. ఫిలోమినా చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. నేను మా గడపలో సంచీ దించాను, అంతే. ఆమె బయటికి వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. తండ్రి పక్కకు వచ్చి, తిరుగుతున్న మిషను చక్రం మీద చెయ్యి అదిమి పెట్టి ఆపేసింది.

మిషను ఆగింది. చౌరప్ప నోటిలో మాత్రం జపం ఇంకా నడుస్తోంది.

"నాయనా, ఎవురికి చెప్తా ఉండావు జపం?" అంది ఫిలోమినా.

మేమందరం లోపలికి పరిగెత్తాం. జ్ఞానమ్మ గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. ఒళ్ళు చల్లబడింది. చేతిలో పూసల దండ ఉంది. వేళ్ళు దండ మొదట్లోనే ఆగిపోయి ఉన్నాయి. చౌరప్ప అప్పటికి చివరికి వచ్చేశాడు. అంటే ఎంతసేపటి నుంచి అవతలి సగం పలకడం లేదో ఆయనకు తెలియదు. మిషను చప్పుడులో వినబడదు. వినబడాలని ఆయన ఎప్పుడూ ఆగలేదు కూడా.

కబురు పోగానే గుడి నుంచి స్వాములు గబగబా నడిచి వచ్చారు. వాళ్ళలో చావు దగ్గరికి వచ్చినవాళ్ళకు పవిత్ర తైలం పూసి జపం చేస్తారు. అది పడకుండా పోవడం ఎంత పెద్ద దిగులో నాకు ఆ రోజే తెలిసింది. స్వాములు దయగల మనిషి. ఒంట్లో ఇంకా ప్రాణం మిగిలి ఉంటే అని ఒక మాట చేర్చి తైలం పూశారు. ఆ మాట విన్నప్పుడు చౌరప్ప తల ఎత్తలేదు. ఫిలోమినా తండ్రి వైపు చూసిన చూపు నేను చూశాను. గుడి ఎంత దూరమని. పిలిస్తే వినబడేంత దూరం.

సమాధి అయ్యాక ఆ ఇల్లు మూగబోయింది. ఫిలోమినా తండ్రితో మాట్లాడటం మానేసింది. కిరసనాయిలు అయిపోయింది, బియ్యం తేవాలి, అంతవరకే. ఆదివారం గుడికి పోయేది గాని చివరి వరసలో నిలబడి, స్వాములు నాలిక మీద పెట్టే సత్ప్రసాదం తీసుకోకుండా తిరిగి వచ్చేసేది. పాపసంకీర్తనానికి, అంటే స్వాముల చెవిలో తప్పులు చెప్పుకోవడానికి, అసలు పోయేది కాదు. ఇంట్లో జపమాల ముట్టలేదు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం చౌరప్ప మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. గడ్డం మాసిపోయి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాడు. కూర్చోమన్నాను. ఆశ్చర్యం, కూర్చున్నాడు.

"స్వాముల కాడికి పోయి చెప్పుకున్నానక్కా" అన్నాడు. "పెద్ద శిక్ష ఏస్తారనుకున్నా. ఉపాసముండమంటారు, ఏదన్నా కొండెక్కమంటారు అనుకున్నా. దినానికి ఒక జపమాల చెప్పమన్నారు, అంతే. మిషను మూసిపెట్టి, ఆమె అడిగిన చోట కూచోని, మెల్లగా."

మంచిదే కదప్పా అన్నాను.

"నా సగం చెప్తా ఉండా. ఆమె సగం నా నోట రావడం లేదు. ఒంటిగా చెప్పేవాళ్ళు రెండూ చెప్పుకోవచ్చునంట. నాకు రావడం లేదు. ఆమె చెప్పేంత సేపు ఆడ పలక్కుండా సుమ్మనే ఉంటాండా." ఆగాడు. "ఎంత సేపుండల్లో తెలీదక్కా. పెండ్లయిన కాన్నుంచి ఒక్కనాడు గూడా ఆమెను కడదాకా చెప్పనియ్యలేదు నేను. ఆమె మెల్లగా చెప్తే ఎంత సేపు పడతాదో నాకు తెలీదు. గోడకవతల ఉండేదానివి, నీకేమన్నా తెలుసునా?"

నాకు తెలుసు. ఆయన బజారుకు పోయిన పొద్దుల్లో జ్ఞానమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఒక్కతే రెండు సగాలూ చెప్పుకునేది. అప్పుడు తరిమేవాళ్ళు లేరు కదా. పాపాత్ములం అన్న చోట ఒక ఊపిరి తీసుకునేది. ఇప్పుడూ అని, ఇంకాస్త ఆగి, చావు వేళలోనూ అని, చివరి మాట దగ్గర గొంతు దించేది. నేను కళ్ళు మూసుకుని జ్ఞానమ్మ చెప్పినట్టే చెప్పాను. చౌరప్ప తల వంచుకుని విన్నాడు. మళ్ళీ చెప్పక్కా అన్నాడు. మళ్ళీ చెప్పాను. మూడోసారీ చెప్పాను. ఆయన లేచి వెళ్ళిపోయాడు. లోపల నుంచి మా అత్త, మనం కూడా ఆ మతంలో కలిశామా ఏమిటని అడిగింది. జీవితంలో మొదటిసారి నేను ఆవిడకు ఎదురు చెప్పలేదు.

ఆ సాయంత్రం నుంచి గోడకు అవతల కొత్త జపం మొదలైంది. ఒక సగం, తర్వాత ఏమీ లేదు. మళ్ళీ ఒక సగం, మళ్ళీ ఏమీ లేదు. ఆ ఖాళీ సరిగ్గా జ్ఞానమ్మ గొంతు పట్టేంత ఉండేది. వఠారంలో కొందరు ఆయనకు మతి చలించిందన్నారు. పాతబడ్డాక ఎవరూ పట్టించుకోలేదు. ఆ వేళకు నేను మా ఇంట్లో గిన్నెలు చప్పుడు కాకుండా దించేదాన్ని. మా ఆయన కూడా లెక్కలు పెద్దగా చదవడం మానేశాడు.

మొదట్లో చౌరప్ప ఆ ఖాళీల్లో ఎంత అవస్థ పడేవాడో గోడకు ఇవతల తెలిసిపోయేది. కాలు కదిలించేవాడు, గొంతు సవరించుకునేవాడు, రెండు మూడుసార్లు తొందరపడి తర్వాతి పూసకు వెళ్ళిపోయి, నాలిక కరుచుకుని మళ్ళీ మొదటికి వచ్చేవాడు. ఆగడం ఆయనకు కొత్త పని. ఏళ్ళ తరబడి పరిగెత్తిన కాలికి నిలబడటం నేర్పాల్సి వచ్చింది. వాన కాలం పోయి మళ్ళీ వాన కాలం వచ్చేసరికి ఆ కదలిక తగ్గింది. ఇప్పుడు ఖాళీలో ఆయన ఉన్నట్టే తెలిసేది కాదు.

ఆ ఆగడం మెల్లగా జపం నుంచి ఇంట్లోకి, ఇంట్లో నుంచి పనిలోకి వచ్చింది. కూర్చుని తినడం మొదలుపెట్టాడు. ఎవరైనా మాట్లాడితే వాళ్ళ మాట అయిపోయాక కూడా కాసేపు చూసేవాడు, ఇంకేమైనా మిగిలిందేమోనని. మునిస్వామి కాకీ మూటలు తెస్తే, ఆ వేగం ఇంక నా వల్ల కాదప్పా అని చెప్పేశాడు. మునిస్వామి నచ్చజెప్పి చూశాడు, తిట్టి చూశాడు, చివరికి మూటలు వేరే సందుకు తీసుకుపోయాడు. చౌరప్పకు మిగిలింది పిల్లల గౌన్లు, చిరుగులు, పాత కోట్లు తిరగేసి కుట్టడం. కొలతలివ్వడానికి వచ్చిన ముసలివాళ్ళు కొలతల కంటే తమ కోడళ్ళ సంగతులే ఎక్కువ చెప్పేవాళ్ళు. ఆయన వినేవాడు. మా ఆయన చొక్కాలు ఇప్పుడు చెప్పినట్టే వచ్చేవి, కాకపోతే పండగకు ఇచ్చినవి పండగ వెళ్ళాక వచ్చేవి. నాకు జాలి ఉన్నా ఒక్కోసారి విసుగొచ్చేది. మంచివాడు కావడానికి ఇంత ఆలస్యం అవసరమా అనేదాన్ని.

ఇంత మారినా ఒకటి మారలేదు. ఆయన జపానికి కూర్చోగానే ఫిలోమినా బిందె తీసుకుని కొళాయి దగ్గరికి వెళ్ళిపోయేది. నీళ్ళు ఉన్నా లేకపోయినా. జపం అయ్యేదాకా అక్కడే గట్టు మీద కూర్చుని ఉండేది. చౌరప్ప పిలిచేవాడు కాదు. అడిగేవాడు కాదు. ఆ రెండో సగం ఆమె ఒక్కసారి పలికితే ఆయన ప్రాణం కుదుటపడుతుందని నాకు తెలుసు. వఠారంలో అందరికీ తెలుసు.

నాకు ఒళ్ళు మండి ఒకరోజు కొళాయి దగ్గర ఆమెను నిలదీశాను. ఎంత తప్పు చేసినా తండ్రి కదా, ఇంకా ఎన్నాళ్ళు చంపుతావు ఆ మనిషిని అన్నాను. ఆమె నా వైపు చూడకుండా, నీకు తెలీదు పెద్దమ్మా అంది. ఏం తెలియదు నాకు, అంతా నా కళ్ళ ముందు జరిగిందే కదా అని ఇంకా నాలుగు అన్నాను. బిందె నిండి పొర్లిపోతున్నా ఆమె కొళాయి కట్టలేదు.

చౌరప్ప మాత్రం ఆమెను ఒక్క మాట అననివ్వలేదు. ఒకసారి కోటు గుండీలు కుడుతూ నాతో అన్నాడు.

"నాతో మాట్లాడకపోతే పోనీలే అక్కా, అది నాకు తగిన శిక్షే. నా మూలాన పిల్ల దేవుడికి దూరమైపాయ. అది ఓర్చుకునేకి అయ్యేలేదు."

యుద్ధం అయిపోయింది. నలభై ఏడు మొదట్లో ఫిలోమినాకు సంబంధం కుదిరింది. కోలారు బంగారు గనుల్లో ఫిట్టరు, అంతోనప్ప అని నెమ్మదస్తుడు. ఈస్టరు ముందరి తపస్సు కాలం మొదలైతే వాళ్ళలో పెళ్ళిళ్ళు చేయరు కాబట్టి ఆలోగానే ముహూర్తం. చౌరప్ప కూతురికి పెళ్ళి చీరకు జాకెట్టు తనే చేత్తో కుట్టాడు, మిషను ముట్టకుండా. వారం రోజులు పట్టింది. ఫిలోమినా వేసుకుని చూసి, సరిపోయింది అంది. అంతే. చౌరప్ప అక్కడే నిలబడి ఉన్నాడు, ఇంకొక్క మాట వస్తుందేమోనని. రాలేదు. ఆమె వెళ్ళిపోతోంది, ఇంక ఆ మాట ఎప్పటికీ రాదు అనుకున్నాను. నాకు ఆ పిల్ల మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు.

పెళ్ళికి ముందు రోజు పెళ్ళికూతురు పాపసంకీర్తనం చేసుకోవాలని వాళ్ళ నియమం. తల్లి పోయిన దగ్గర నుంచి దాని జోలికే పోనిది, ఆ మధ్యాహ్నం తప్పనిసరై గుడికి వెళ్ళింది. చాలాసేపటి దాకా రాలేదు. వచ్చేసరికి దీపాల వేళ అయింది. వచ్చిన నలుగురు చుట్టాలూ మా ఇంటి ముందు వసారాలో అన్నానికి కూర్చున్నారు. నేను లోపల గంజి వారుస్తున్నాను. గోడకు అవతల చౌరప్ప జపానికి కూర్చున్నాడు. తన సగం చెప్పాడు. ఆగాడు. నేను బిందె చప్పుడు కోసం చెవి పెట్టాను. రాలేదు. ఆమె లోపలే ఉంది. చౌరప్ప ఇంకో పూస చెప్పాడు. మళ్ళీ ఆగాడు. నేను చెయ్యి ఆపి, చెప్పవే తల్లీ, ఒక్కసారి చెప్పు అనుకుంటున్నాను.

"నాయనా" అంది ఫిలోమినా.

చౌరప్ప తర్వాతి పూసకు వెళ్ళలేదు.

"ఆ పొద్దు మిల్లులో దారం లేదని మధ్యానమే వదిలేసినారు. నేను సీదాగా ఇంటికి రాలేదు. మెజెస్టిక్ కాడ మూడు గంటల సినిమా ఆటకు పోయినా, సావాసగత్తెలతో. దినామూ వచ్చే యాళకే వచ్చినా, ఎవురికీ తెలీకుండా."

ఒకసారి ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"అమ్మ పొద్దున్నే నాతో చెప్పింది. ఎదలో బాగలేదు, పని కాంగానే బేగ రామ్మా అనింది. నీకు చెప్పొద్దనింది, నీ పని చెడతాదని. నేనింట్లో ఉండింటే స్వాముల్ని పిలిచిండేదాన్ని. నేను లేను. వచ్చి మిషను ఆపి నిన్నడిగినా, ఎవురికి చెప్తా ఉండావని. వఠారమంతా నిన్నే చూసింది. నన్నెవురూ అడగలేదు నాయనా. నువ్వు గూడా అడగలేదు."

అన్నం గిన్నె కింద పెట్టేశాను. కొళాయి గట్టు మీద ఆ పిల్లను ఎన్ని మాటలన్నాను. ఇన్నేళ్ళూ తండ్రి ముందు ఆమె నోరు కట్టేసింది కోపం కాదు, భయం. ఆయన మోస్తున్నదంతా తన వంతు కూడా కలిపి మోస్తున్నాడని తెలిసి, అది ఎత్తుకోవడానికి చేతులు రాక, బిందె తీసుకుని బయటికి పారిపోయింది. ఒకే కప్పు కింద ఇద్దరూ ఒకే చావుకు వేరువేరుగా ఏడ్చారు.

వెనకటి చౌరప్ప అయితే ఆమె మాట సగంలో ఉండగానే, పోనీలేమ్మా, ఏడవకమ్మా అనేసి లేచిపోయి ఉండేవాడు. ఈయన లేవలేదు. ఆమె ఏడుపు వినబడుతోంది. ఏదో ఒకటి అనవయ్యా, ఒక్క మాట అను అని గోడ మీద కొట్టాలనిపించింది నాకు. పొయ్యి మీద చారు పొంగిపోతోంది, చుట్టాలు అన్నం కోసం పిలుస్తున్నారు. నేను కదల్లేదు.

చాలాసేపటికి ఆయన గొంతు వినబడింది.

"ఇంకా ఏమన్నా ఉండాదా పాపా?"

"ఉండాది" అంది ఆమె, ఏడుపులోనే.

"చెప్పు. నాకేం తొందర లేదు."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఇంక అది నేను వినవలసింది కాదనిపించి, అన్నం గిన్నె ఎత్తుకుని ముందు వసారాలోకి వచ్చేశాను. వడ్డిస్తుంటే కళ్ళు మసకబారి ఒకాయన విస్తరిలో రెండుసార్లు వడ్డించాను. ఏమమ్మా పొగా అని అడిగాడు. అవునన్నాను. పొద్దున్నే గుడిలో పెళ్ళి. మధ్యాహ్నం బండికి ఆమె మొగుడి వెంట కోలారు గనులకు వెళ్ళిపోవాలి. చుట్టాలు చేతులు కడుక్కుని చాపలు పరుచుకునే వేళకు కూడా గోడకు అవతల ఆ పిల్ల చెబుతూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నాడు. వాళ్ళకు మిగిలింది ఆ ఒక్క సాయంత్రమేనన్న మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తినట్టు లేదు.